మోడల్ కారుకు మెరిసే క్లియర్ కోట్: ఏది ఎంచుకోవాలి, ఎలా కొట్టాలి

క్లియర్ కోట్ అంటే రంగు మీద కొట్టే పారదర్శకమైన పై పొర. దాని మాట రాగానే మొదట వచ్చే ప్రశ్న "అన్నిటికంటే బాగా మెరిసేది ఏది?" అనే. ఆ జవాబు తెలిసినంత మాత్రాన మీ కారు మెరవదు. సరిగా ఆరనిచ్చి, ఓపిగ్గా రుద్ది పాలిష్ పెడితే మామూలు లాకర్ క్లియర్ మీద కూడా పైన వెలిగే ట్యూబ్‌లైట్ అంచులతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. కింది రంగుకు పడని క్లియర్ కొడితే మాత్రం, దానికి ఎంత పేరున్నా రంగు ముడతలు పడుతుంది, డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే బొమ్మలు, అక్షరాలు) మెలికలు తిరుగుతాయి. అందుకే ఎంపిక కింది నుంచి పైకి చేయండి. ముందు బాడీ మీద ఏ రంగు ఉందో చూడండి, తర్వాత డెకాల్స్ సంగతి, ఆ తర్వాత మీరు స్ప్రే చేసే చోట గాలి ఎలా ఆడుతుందో. ఈ మూడూ తేలేసరికి ఒకటో రెండో రకాలే మిగులుతాయి. వాటిలో ఏది తీసుకున్నా ఫర్వాలేదు.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా 1/24, 1/25 స్కేల్ ప్లాస్టిక్ కిట్లకు. లోహపు డైకాస్ట్ బాడీకి థిన్నర్ల (రంగును పలచన చేసే ద్రవాల) భయం ఉండదు కాబట్టి అక్కడ పని ఇంకా తేలిక.

1. కింద ఉన్న రంగు ఏ జాతిదో తేల్చుకోండి

మోడల్ రంగులు మూడు జాతులు: నీటితోనో ఆల్కహాల్‌తోనో పలచబడే అక్రిలిక్, ఎనామెల్, లాకర్. డబ్బా మీద "అక్రిలిక్" అని రాసి ఉన్నంత మాత్రాన అది నీటి రంగు అనుకోవద్దు. చాలా స్ప్రే డబ్బాల్లో ఉండేది అక్రిలిక్ రెజిన్‌తో చేసిన లాకరే. ఏ థిన్నర్‌తో పలచన చేయమన్నారో, ఏ థిన్నర్‌తో కడగమన్నారో చూడండి. దాన్ని బట్టి జాతి తెలుస్తుంది.

ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే రంగు ఎలా ఆరుతుందో తెలియాలి. లాకర్‌లోని థిన్నర్ ఆవిరైపోతే రంగు ఆరినట్టే. మళ్లీ అదే థిన్నర్ తగిలితే పై పొర కాస్త కరుగుతుంది, కొత్త పొర దానిలో కలిసిపోతుంది. లాకర్ మీద లాకర్ అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఇదే. ఎనామెల్ సంగతి వేరు. థిన్నర్ పోయాక కూడా అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రోజులు, ఒక్కోసారి వారాలపాటు గట్టిపడుతూనే ఉంటుంది. చేతికి అంటకపోయినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. దాని మీద ఘాటైన లాకర్ క్లియర్ కొడితే థిన్నర్ లోపలికి దిగి ఎనామెల్‌ను ఉబ్బిస్తుంది, నిమిషాల్లో ఉపరితలమంతా ముడతలు లేస్తాయి. ఒకసారి ముడత లేచాక సరిదిద్దే దారి లేదు, రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

కాబట్టి లాకర్ రంగు మీద ఏ క్లియర్ అయినా వేయొచ్చు. అక్రిలిక్ మీద అక్రిలిక్ గానీ ఎనామెల్ గానీ నిశ్చింతగా వేయొచ్చు, లాకర్ అయితే మొదట పలచటి కోట్లు వేసి మెల్లగా వెళ్లాలి. ఎనామెల్ మీద మాత్రం ఎనామెల్ క్లియర్ లేదా నీటి క్లియర్ వేయండి, లాకర్ జోలికి పోవద్దు.

పాత కారుకు ఎవరు ఏ రంగు వేశారో తెలియకపోతే, బాడీ లోపలివైపు కనపడని చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో రుద్ది చూడండి. రంగు తేలిగ్గా వచ్చేస్తే అది అక్రిలిక్ అయ్యే అవకాశం ఎక్కువ. రాకపోతే ఎనామెల్ అనే అనుకుని జాగ్రత్తపడండి.

రేడియో కంట్రోల్ కార్ల పారదర్శక పాలికార్బొనేట్ బాడీలకు ఈ గొడవే లేదు. వాటికి లోపలి నుంచి రంగు వేస్తారు, బయట కనిపించే మెరుపు ఆ ప్లాస్టిక్‌దే. వాటి కోసం టమియా కంపెనీ చేసిన పీఎస్ స్ప్రే డబ్బాలను మామూలు కిట్ ప్లాస్టిక్ మీద వాడకండి.

2. ఈ కారుకు అసలు క్లియర్ కావాలా?

మెటాలిక్ రంగుకైతే కావాలి. అందులోని లోహపు రేకులను నేరుగా రుద్దితే అవి తెగి మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. రుద్దుడంతా క్లియర్ పొర మీదే జరగాలి. డెకాల్స్ ఉన్న రేస్ కారుకు కూడా కావాలి, లేకపోతే డెకాల్ అంచులు మెట్టులా తెలుస్తాయి. ఒకే ముదురు రంగున్న మామూలు కారుకు మాత్రం తప్పనిసరి కాదు. మెరిసే రకం (గ్లాసీ) లాకర్ రంగునే కాస్త దళసరిగా వేసి, ఆరాక పాలిష్ చేస్తే చాలు. ఎరుపు, నలుపు, క్రీమ్ రంగుల పాత కార్లకు నాకు నచ్చే పద్ధతి ఇదే. నిజమైన కార్ల మీద రంగు పొర వేరు, క్లియర్ పొర వేరు అనే పద్ధతి విస్తృతంగా వచ్చింది 1980లలో. 1950ల సెడాన్ మీద తడి తడిగా మెరిసే దళసరి క్లియర్ వేస్తే అది బొమ్మలా కనిపిస్తుంది తప్ప ఆనాటి కారులా కనిపించదు. ఇప్పటి రేస్ కార్లన్నీ మెరిసేవి కావు కూడా. రెడ్ బుల్ ఫార్ములా వన్ కారు 2016లో మ్యాట్ ఫినిష్‌కు మారింది. క్లియర్ కొనే ముందు అసలు కారు ఫోటోలు ఒకసారి చూడండి.

దళసరి గురించి చిన్న లెక్క ఒకటి చెప్పాలి. నిజమైన కారు మీద క్లియర్ పొర మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. దాన్ని 24తో భాగిస్తే రెండు మైక్రాన్ల దగ్గరికి వస్తుంది. అంత పలచగా ఎవరూ కొట్టలేరు, కొట్టినా పాలిష్‌కు ఏమీ మిగలదు. మోడల్ మీద 50 మైక్రాన్ల పొర పడితే, అది అసలు కారు మీద 1.2 మిల్లీమీటర్ల పొరతో సమానం. తలుపుల చుట్టూ ఉండే సన్నటి గీతలు పూడిపోయేదీ, బానెట్ అంచులు మొద్దుబారేదీ అందుకే. డబ్బా ఎంచుకునేటప్పుడు "పలచగా వేసినా పాలిష్‌కు నిలబడుతుందా?" అని అడగండి.

3. ఉన్న రకాల్లోంచి ఎంచుకోండి

నీటి క్లియర్లు. వల్లేహో గ్లాస్ (gloss, అంటే మెరిసే) వార్నిష్, ఆల్క్లాడ్ ఆక్వా గ్లాస్ లాంటివి. వాసన తక్కువ, కింద ఏ రంగు ఉన్నా ఏమీ చేయవు, డెకాల్స్‌కు హాని లేదు. కానీ కారు బాడీ మీద చివరి పొరగా నేను వీటిని మొదటి ఎంపిక అనను. ఆరాక కూడా కాస్త మెత్తగా ఉంటాయి. వాటర్ పేపర్‌తో రుద్దితే సాఫీగా అరిగే బదులు ఒక్కోసారి పొరలా లేచి వస్తాయి. స్ప్రే చేసినప్పుడు ఎంత మెరుపు వచ్చిందో అంతే, తర్వాత పెంచుకోవడం కష్టం. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, గాలి ఆడే చోటు లేకపోతే మాత్రం ఇవే వాడండి.

ఆల్కహాల్‌తో పలచబడే అక్రిలిక్ క్లియర్. టమియా ఎక్స్-22 ఈ కోవకు చెందింది. దీన్ని దాని సొంత ఎక్స్-20ఏ థిన్నర్‌తో కలపొచ్చు, లాకర్ థిన్నర్‌తోనూ కలపొచ్చు. మిస్టర్ లెవెలింగ్ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ఉంటుంది కాబట్టి, దానితో కలిపితే పొర సర్దుకోవడానికి సమయం దొరికి ఉపరితలం నున్నగా వస్తుంది. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే చిన్న పరికరం) ఉండి, డెకాల్స్ ఎక్కువగా ఉన్న కారు చేస్తుంటే దీనితోనే మొదలుపెట్టమంటాను. లాకర్ అంత గట్టిగా ఉండదు, అయినా తగినంత ఆరనిస్తే పాలిష్‌కు నిలుస్తుంది.

లాకర్ క్లియర్లు. కార్లు చేసేవాళ్లు ఎక్కువమంది చివరికి ఇక్కడికే వస్తారు. డబ్బాలో కావాలంటే టమియా టీఎస్-13, ఎయిర్‌బ్రష్‌కైతే టమియా ఎల్‌పీ-9, మిస్టర్ కలర్ జీఎక్స్100. త్వరగా ఆరుతాయి, గట్టిగా అవుతాయి, రుద్దితే చక్కగా అరుగుతాయి. పొర మధ్యలో దుమ్ము పడినా రుద్ది ఇంకో కోటు వేస్తే అది కింది పొరలో కలిసిపోతుంది, అతుకు తెలియదు. వీటిలో జీఎక్స్100 గట్టిదనం నాకు బాగా నచ్చుతుంది. లెవెలింగ్ థిన్నర్‌తో సమానంగానో, ఒక వంతు క్లియర్‌కు ఒకటిన్నర వంతుల థిన్నర్‌గానో కలిపి కొట్టండి. టీఎస్-13 మెరుపుకు వంక పెట్టలేం కానీ అందులోని థిన్నర్ చాలా ఘాటైనది. డెకాల్స్ మీద మొదటి కోటే తడిగా వేస్తే అవి ముడుచుకుపోతాయి. తెల్ల కారు ఎండ పడే అల్మారాలో ఉండబోతుంటే, అతినీలలోహిత కిరణాలను ఆపే రకం తీసుకోండి. మిస్టర్ సూపర్ క్లియర్‌లో యూవీ కట్ పేరుతో అది దొరుకుతుంది.

ఎనామెల్ క్లియర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి బాగా సర్దుకుంటుంది, కానీ ఆ ఆరే సమయమంతా దుమ్ము పట్టుకుంటూనే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారే గుణం ఉంది. తెలుపు, లేత నీలం మీద వద్దు.

రెండు భాగాల యురేథేన్, అంటే 2కే. క్లియర్‌లో హార్డెనర్ కలిపితే రసాయనిక చర్య జరిగి గట్టిపడుతుంది. ఒకటి రెండు కోట్లతోనే, పాలిష్ అవసరం లేనంత మెరుపు వస్తుంది. గట్టిపడ్డాక మామూలు థిన్నర్లకు లొంగదు. ఇంతవరకూ దీనికి సాటి లేదు. కానీ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. ఊపిరితిత్తులకు ఒకసారి వాటి ఎలర్జీ పట్టుకుంటే, తర్వాత అతి తక్కువ మోతాదు తగిలినా ఉబ్బసం రావచ్చు. ఆ ఎలర్జీ మళ్లీ పోదు. వాసనను బట్టి ప్రమాదాన్ని పసిగట్టడం కుదరదు, వాసన తెలియని మోతాదు కూడా హాని చేస్తుంది. దుమ్ముకు పెట్టుకునే గుడ్డ మాస్కులు దీనికి ఎందుకూ పనికిరావు. కార్లకు రంగులు వేసే వర్క్‌షాపుల్లో దీన్ని కొట్టేటప్పుడు బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే మాస్కులు వాడతారు. గాలిని బయటికి పంపే బూత్, తగిన రెస్పిరేటర్, చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా 2కే కొట్టకండి. ఇంటి గదిలో గానీ, పక్కన ఇంకొకరు ఉండగా గానీ కూడా కొట్టకండి. లాకర్‌ను పాలిష్ చేస్తే దాదాపు అదే మెరుపు వస్తుంది. ఒక సాయంత్రం పని మిగులుతుందని ఊపిరితిత్తులను పణంగా పెట్టాల్సిన అవసరం లేదు.

లాకర్ కూడా వాసన చూస్తూ కొట్టేది కాదని మరిచిపోకండి. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (థిన్నర్ ఆవిరిని పట్టే ఫిల్టర్) ఉన్న మాస్కు పెట్టుకోండి, గాలి బయటికి పోయే దారి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

4. ముందు చెంచా మీద వేసి చూడండి

ప్లాస్టిక్ చెంచా తీసుకుని, కారుకు వేసిన ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పొర), రంగు అదే వరుసలో వేయండి. కిట్‌లో మిగిలిన పనికిరాని డెకాల్ ఒకటి అంటించండి. కారును ఎన్ని రోజులు ఆరనిచ్చారో దాన్నీ అన్ని రోజులు ఆరనిచ్చి, క్లియర్ కొట్టండి. చెంచా వంపు బానెట్ వంపులాంటిదే కాబట్టి క్లియర్ ఎక్కడ జారుతుందో, ఎక్కడ చాలడం లేదో కూడా తెలిసిపోతుంది. ఏ రెండు కంపెనీల సరుకు కలిపి వాడుతున్నా ఈ మెట్టు దాటేయకండి. తర్వాత అదే చెంచా మీద పాలిష్ కూడా ప్రయత్నించొచ్చు.

5. బాడీని సిద్ధం చేయడం

డెకాల్స్ అంటించాక కనీసం ఒకటి రెండు రోజులు ఆగండి. కింద నీరు మిగిలి ఉంటే క్లియర్ పడ్డాక అది బుడగలా లేస్తుంది. డెకాల్ సాఫ్ట్‌నర్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం) మరకలు, జిగురు మరకలు తడి గుడ్డతో మెల్లగా తుడిచేయండి, లేకపోతే అవి క్లియర్ కింద శాశ్వతంగా ఉండిపోతాయి. చేతి జిడ్డు, సిలికాన్ ఉన్న పాలిష్ మరకలు ఉన్నచోట క్లియర్ గుండ్రటి గుంటల్లా విడిపోతుంది. బాడీని కడిగి ఆరబెట్టాక వేళ్లతో ముట్టుకోకండి, లోపలి నుంచి స్టాండుకు బిగించి పట్టుకోండి.

క్రోమ్ రంగు మీద క్లియర్ వద్దు. ఆల్క్లాడ్ క్రోమ్ అయినా, మోలోటోవ్ పెన్ను అయినా, పైన క్లియర్ పడితే చాలావరకు బూడిదరంగు వెండిలా మారిపోతాయి. కిటికీ చుట్టూ వచ్చే క్రోమ్ పట్టీలకు రేకు వాడేట్టయితే, దాన్ని క్లియర్, పాలిష్ రెండూ అయ్యాకే అంటించండి. అద్దాల భాగాలను బాడీతో పాటు పెట్టి లాకర్ కొట్టకండి. పారదర్శక ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్లు వస్తాయి. వాటికి మెరుపు కావాలంటే నీటి క్లియర్ సరిపోతుంది.

6. కొట్టడం

తేమ ఎక్కువగా ఉన్న రోజు లాకర్ పని పెట్టుకోకండి. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి పొర పాలలా తెల్లబడుతుంది. అలా జరిగితే టెన్షన్ పడొద్దు. గాలి పొడిగా ఉన్నప్పుడు రిటార్డర్ ఉన్న థిన్నర్‌తో ఒక పలచటి కోటు వేస్తే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది.

స్ప్రే డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచితే లోపలి ఒత్తిడి పెరిగి తుంపర సన్నగా వస్తుంది. చేయి పెట్టగలిగే వేడి చాలు, 40 డిగ్రీలు దాటకూడదు. పొయ్యి మీద వేడి చేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు, డబ్బా పేలుతుంది. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, బాడీ బయట మొదలుపెట్టి బాడీ దాటాకే ఆపండి. ఎయిర్‌బ్రష్ అయితే 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్‌ఐ ఒత్తిడి. దూరం ఇంకా తగ్గించండి.

మొదటి రెండు కోట్లు పొడి పొడిగా, తుంపరలా ఉండాలి. చూడటానికి గరుకుగా, నిరుత్సాహంగా కనిపిస్తాయి, అలాగే వదిలేయండి. డెకాల్స్‌ను కాపాడేది ఈ రెండు కోట్లే. ఒక్కో కోటు మధ్య పది పదిహేను నిమిషాలు ఆగండి. మూడో కోటు నుంచి కాస్త తడి పెంచండి. పక్క నుంచి వెలుతురు పడేలా బాడీని తిప్పి చూస్తూ కొడితే, తుంపర చుక్కలు కలిసి ఒకే పొరగా మారే క్షణం కంటికి తెలుస్తుంది. అక్కడ చేయి ముందుకు కదలాలి. ఒక్క అర సెకను ఎక్కువ ఆగితే తలుపు కింది అంచు దగ్గర క్లియర్ జారి బొట్టు కడుతుంది. తడి కోట్లు రెండు చాలు. పాలిష్ గట్టిగా చేయాలనుకుంటే మరునాడు ఇంకొకటి వేయండి. కొట్టడం అవ్వగానే పైన శుభ్రమైన డబ్బా బోర్లించి, మళ్లీ మళ్లీ ఎత్తి చూడకుండా వదిలేయండి.

7. ఆరనివ్వడం, పాలిష్

లాకర్ గంటలో ముట్టుకునేట్టు అవుతుంది, కానీ పాలిష్‌కు కనీసం వారం ఇవ్వండి. ఎక్స్-22కు ఇంకొంచెం ఎక్కువ, ఎనామెల్‌కు కొన్ని వారాలు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. థిన్నర్ వాసన ఇంకా వస్తుంటే లోపల ఆరలేదన్నమాట. అప్పుడే రుద్దితే ఆ రోజు మెరుస్తుంది, తర్వాత పొర కుంగి మళ్లీ మసకబారుతుంది. 2కే పొర పూర్తిగా గట్టిపడకముందు దాన్ని రుద్దిన దుమ్ము కూడా పీల్చకూడదు.

ఉపరితలం నారింజ తొక్కలా ఎత్తుపల్లాలుగా ఉంటే 2000 లేదా 3000 నంబర్ వాటర్ పేపర్‌ను, ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ కలిపిన నీళ్లలో తడిపి, బరువు వేయకుండా రుద్దండి. ఎత్తైన చోట్లు మసకగా, పల్లాలు మెరుస్తూ కనిపిస్తాయి. మెరిసే చుక్కలు పోయేదాకానే రుద్దాలి, ఆపైన రుద్దితే క్లియర్ అయిపోయి రంగు బయటపడుతుంది. తర్వాత 4000, 6000, 8000. పొర మొదటే నున్నగా వచ్చి ఉంటే వాటర్ పేపర్ అవసరమే లేదు, నేరుగా కాంపౌండ్‌కు (పాలిష్ పేస్ట్‌కు) వెళ్లండి.

బానెట్ అంచులు, తలుపు గీతల అంచులు, టాప్ మీది మడతలు, ఇక్కడే పొర అన్నిటికంటే పలచగా ఉంటుంది. రుద్దడం మొదలుపెట్టే ముందు వాటి మీద సన్నటి మాస్కింగ్ టేప్ అంటించండి. చుట్టుపక్కల పని పూర్తయ్యాక టేప్ తీసి, అంచులను ఫైన్ కాంపౌండ్‌తో మాత్రమే, ఒకటి రెండు సార్లు తాకించి వదిలేయండి.

కాంపౌండ్‌ను ముతక, సన్న, ఫినిష్ అనే వరుసలో, ఒక్కోదానికి వేరే మెత్తటి గుడ్డతో వాడండి. ఒకే గుడ్డ అన్నిటికీ వాడితే ముతక రేణువులు చివరిదాకా వచ్చి గీతలు పెడతాయి. మోటారుతో పాలిష్ చేసే పరికరం వాడితే అతి తక్కువ వేగంలో పెట్టండి, ఒకేచోట నిలపకండి. వేడికి లాకర్ మెత్తబడి చిరుగుతుంది. గీతల్లో ఇరుక్కున్న తెల్లటి కాంపౌండ్‌ను మెత్తటి టూత్‌బ్రష్‌తో, గోరువెచ్చటి సబ్బునీళ్లతో తీసేయండి. ఆరాక గీతలకు ముదురు వాష్ (బాగా పలచన చేసిన రంగు) వేయండి, ఆ తర్వాత కిటికీ పట్టీల రేకు. మైనం అన్నిటికంటే చివర. కొన్ని మైనాల్లో సిలికాన్ ఉంటుంది కాబట్టి, ఎక్కడైనా మళ్లీ క్లియర్ టచప్ చేయాల్సి వస్తుందేమో అన్న అనుమానం ఉంటే, ఆ టచప్ అయ్యాకే మైనం డబ్బా మూత తీయండి.